జోడించిన చేతులు: విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

భక్తికి తొలిమెట్టు వినయమని పెద్దలు చెప్పుదురు. ఆ మాటనే మనము బడిలో పిల్లలకును చెప్పుచుందుము. కాని వినయమనగా నేమి? తల వంచుటయే వినయమైనచో, భయముచేత వంగినవాడును, లాభమున కాశపడి వంగినవాడును వినయవంతులే కావలసివచ్చును. భగవంతుని యెదుట వంగిన శిరస్సు మానవుల యెదుట ఎట్లుండవలెను? తన్ను తాను అల్పునిగా నెంచుకొనిన భక్తుడు, ఇతరులు తన్ను అల్పునిగా నెంచినప్పుడు ఊరకుండవలెనా? ఇవి చిన్న ప్రశ్నలు కావు. వీనికి శాస్త్రములలో సమాధానము వెదకుట యొక మార్గము. ఒక మంచి జీవితమును నిదానముగా పరిశీలించుట మరియొక మార్గము. ఈ వ్యాసమున ఆ రెండవ మార్గమునే అనుసరించుచున్నాను.

తంజావూరునకు ఉత్తరమున, కొద్ది మైళ్ల దూరములో, కావేరి యొడ్డున తిరువయ్యారు కలదు. దీనినే పంచనద క్షేత్రమందురు. త్యాగరాజస్వామి తన జీవితములో అధికభాగము గడపినది ఈ యూరనే. 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, ఆయన సిద్ధిపొందినదియు ఇక్కడనే. ఏటేట ఆ తిథినాడు గాయనీగాయకులు వందల సంఖ్యలో ఆయన సమాధి సన్నిధిని చేరి, నేలపై కూర్చుండి, పంచరత్న కీర్తనలను ఏకకంఠముతో గానము చేయుదురు. గొప్ప విద్వాంసుడును నిన్న మొన్న పాఠము మొదలుపెట్టిన విద్యార్థియు అక్కడ ఒకే వరుసలో కూర్చుందురు. స్త్రీలు, పురుషులు అను భేదము లేదు. పాడు భాష తెలుగు; పాడువారిలో పెక్కుమందికి మాతృభాష తెలుగు కాదు. తెలుగువాని హృదయము పొంగుటకు ఇంతకంటె నేమి కావలెను?

ఆ సన్నిధికి అభిముఖముగా మరియొక చిన్న సమాధి కలదు. అందొక స్త్రీమూర్తి విగ్రహము స్వామివైపు చూచుచు చేతులు జోడించి యున్నది. ఉత్సవమునకు వచ్చిన జనములో చాలమంది దానిని గమనింపకయే దాటిపోవుదురు. కాని ఆ జోడించిన చేతులే లేకున్నచో, నేడు మనము చూచు ఆ సన్నిధియు, స్త్రీపురుషులు కలిసి పాడు ఆ గోష్ఠియు ఉండెడివి కావేమో. ఆమె పేరు నాగరత్నమ్మ. లోకము ఆమెను బెంగుళూరు నాగరత్నమ్మగా ఎరుగును.

నాగరత్నమ్మ 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సమీపమునగల నంజనగూడులో జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి. ఆ తల్లి దేవదాసి కులమునకు చెందినది. ఆ కులపు స్త్రీలకు సంగీతము, సాహిత్యము, నృత్యము పుట్టుకతో వచ్చిన సొత్తులు. నిలకడయైన సంసారము మాత్రము దుర్లభము. పుట్టలక్ష్మిని ఆదరించిన గృహస్థుడు బిడ్డ పసితనముననే ఆమెను విడిచిపెట్టెను. చేత బిడ్డ, ఎదుట దారిద్ర్యము, వెనుక లోకాపవాదము: ఆ తల్లి పరిస్థితి యిట్టిది. అయినను ఆమె బిడ్డ చదువును మాత్రము విడువలేదు. మైసూరులో ఒక సంస్కృత పండితుని ఆశ్రయించి, నాగరత్నమ్మకు బాల్యముననే సంస్కృతమును, సంగీతమును నేర్పింపజొచ్చెను.

చిన్నదాని బుద్ధి చురుకైనది. శ్లోకములు, కావ్యములు ఆమె నాలుకపై నిలిచెను. కాని ఆ యాశ్రయము చిరకాలము సాగలేదు. పండితునకు ఆగ్రహము కలుగుటచే తల్లీబిడ్డ లిద్దరును మైసూరు విడువవలసివచ్చెను. ఊరూరు తిరిగి తుదకు బెంగుళూరు చేరి, ఫిడేలు విద్వాంసుడగు ఒక బంధువు నీడలో నిలిచిరి. అక్కడ నాగరత్నమ్మ కన్నడము, తెలుగు, ఇంగ్లీషు భాషలనుకూడ అభ్యసించెను. సంగీతమును మునుస్వామప్ప అను విద్వాంసునికడ నేర్చుకొనెను. ఆయన వాలాజాపేట శిష్యపరంపరకు చెందినవాడు. త్యాగరాజస్వామి శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ ముఖ్యుడు; స్వామి కీర్తనలను వ్రాసియుంచి కాపాడిన పుణ్యాత్ముడు. ఆ విధముగా నాగరత్నమ్మకు చిన్ననాడే స్వామి కీర్తనలతో నేరుగా గురుపరంపరా సంబంధ మేర్పడెను. ఆమె కప్పటికి ఆ సంబంధపు విలువ తెలిసియుండదు. విత్తనము నేలలో పడినప్పుడే చెట్టు కనబడదు గదా!

పదునాలుగేండ్లు నిండునప్పటికి తల్లి కాలధర్మము నొందెను. ఒంటరియైన ఆ బాలికకు విద్యయే దిక్కయ్యెను. తరువాత కొద్దికాలమునకే ఆమె సభలో పాడెను. మైసూరు ఆస్థానమున ఆదరము పొందెను. ఏ యూరినుండి తల్లి చేయి పట్టుకొని కన్నీటితో వెడలిపోయెనో ఆ యూరనే గౌరవముతో కూర్చుండి పాడెను. ఇది సామాన్యమైన విజయము కాదు. ఇట్టి విజయము కొందరిలో గర్వమును పుట్టించును. నాగరత్నమ్మలో అది విద్యాతృష్ణనే పెంచెను. పేరు వచ్చిన తరువాతకూడ ఆమె మైసూరు విద్వాంసుడగు బిడారం కృష్ణప్పగారికి శిష్యురాలయ్యెను. సభలలో చప్పట్లు అందుకొను వయస్సున మరల గురువునెదుట కూర్చుండి తప్పులు దిద్దించుకొనుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలియును. వినయమునకు మొదటి పరీక్ష అదియే.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆమె మదరాసు చేరి జార్జిటౌనులో స్థిరపడెను. ఆనాడు సంగీతసభలకు, వివాహోత్సవములకు, దేవాలయోత్సవములకు ఆమెను దక్షిణదేశమంతట ఆహ్వానించుచుండిరి. ఆమె చేసిన కచేరీల సంఖ్య వేయికి మించును. గ్రామఫోను పళ్లెరములమీదను ఆమె గాత్రము వెలువడెను. గొంతు గంభీరమైనది, ఉచ్చారణ స్పష్టమైనది, సాహిత్యార్థము తెలిసి పాడునది. ధనమును విస్తారముగా చేరెను. మదరాసులో ఆదాయపు పన్ను చెల్లించిన మొదటి గాయని ఆమెయే యని చెప్పుదురు. విద్యాసుందరి యను బిరుదము ఆమె పేరునకు ముందు చేరెను. దారిద్ర్యములో పుట్టిన బిడ్డ, తన కంఠముతో తాను సంపాదించుకొనిన ఐశ్వర్యము నడుమ నిలిచెను.

ఈ దశలో జరిగిన యొక సంగతి చెప్పక తప్పదు. అది లేనిదే ఆమె వినయస్వభావము పూర్తిగా బోధపడదు. తంజావూరిని ఏలిన ప్రతాపసింహ మహారాజు ఆస్థానమున, పదునెనిమిదవ శతాబ్దిలో, ముద్దుపళని యను కవయిత్రి యుండెను. ఆమెయు నాగరత్నమ్మ కులమున పుట్టినదే. రాధికా సాంత్వనమను శృంగారప్రబంధమును ఆమె తెలుగున రచించెను. ఆ గ్రంథము అంతకు పూర్వమే అచ్చయినను, అందు కవయిత్రి తన వంశమును చెప్పుకొనిన భాగమును, మరికొన్ని పద్యములును లోపించియుండెను. నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, పోల్చిచూచి, లోపములు పూరించి, 1910లో వావిళ్లవారిచేత ఆ గ్రంథమును ప్రకటింపజేసెను. తెలుగు మాతృదేశమున పుట్టని యొక గాయని తెలుగు ప్రబంధమునకు పరిష్కర్త్రి యగుట మన సాహిత్యచరిత్రలో గుర్తుంచుకొనదగిన విషయము.

ఆ గ్రంథమును కందుకూరి వీరేశలింగము పంతులుగారు అంతకుముందే తమ కవుల చరిత్రలో నిరసించియుండిరి. స్త్రీ యిట్టి శృంగారమును వ్రాయరాదని వారి యాక్షేపము. వీరేశలింగముగారు మనకు పూజ్యులు. స్త్రీజనాభ్యుదయమునకు వారు చేసిన సేవ చిరస్మరణీయము. అయినను నాగరత్నమ్మ ఆ యాక్షేపమునకు జంకలేదు. సిగ్గు, మర్యాద యనునవి స్త్రీలకు మాత్రమే విధింపబడినవా, పురుషులు వ్రాసిన ప్రబంధములకు వర్తింపవా యని ఆమె తన పీఠికలో సూటిగా ప్రశ్నించెను. ప్రభుత్వము 1911లో ఆ గ్రంథమును అశ్లీలమని నిర్ణయించి నిషేధించెను. ప్రతులు జప్తు చేయబడెను. ఆ నిషేధము తొలగుటకు 1947వ సంవత్సరము రావలసివచ్చెను. ఆ గ్రంథముపై ఎవరి యభిప్రాయము వారిది. ఇక్కడ మనము గమనింపవలసినది మరియొకటి: తనకంటె నూటయేబది సంవత్సరములకు పూర్వము జీవించిన యొక కవయిత్రికొరకు నాగరత్నమ్మ మహామహులతో వాదమునకు దిగెను, తన పేరుకొరకు కాదు, తన లాభమునకు కాదు, మరుగుపడిన యొక పెద్దకు దక్కవలసిన గౌరవముకొరకు. ముందుముందు తిరువయ్యారులో ఆమె చేయబోవు పనికి ఇది పూర్వరంగము వంటిది.

ఇప్పుడు త్యాగరాజస్వామి సమాధి సంగతి చూతము. స్వామికి పుత్రసంతానము లేదు. దౌహిత్రునితో వంశము నిలిచిపోయెను. శిష్యులు తలయొక దిక్కునకు పోయి కీర్తనలను వ్యాపింపజేసిరే కాని, కావేరి గట్టున ఉన్న చిన్న బృందావనమును కనిపెట్టి చూచువారు లేకపోయిరి. 1903లో ఉమయాళ్‌పురం సోదరులగు కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ అను వృద్ధశిష్యులు దానిని వెదకి గుర్తించి బాగుచేయించిరి. పిమ్మట కొద్ది యేండ్లకు ఆరాధనోత్సవము పెద్దయెత్తున జరుగజొచ్చెను. ఉత్సవము పెరుగగనే కలహమును పెరిగెను. విద్వాంసులు రెండు పక్షములుగా చీలి, ఒకటి పెద్ద పక్షమని, ఒకటి చిన్న పక్షమని పేరుపడి, ఎవరి ఉత్సవము వారు చేయుచుండిరి. ఇరువురును స్వామి పేరనే పాడిరి, స్వామి పేరనే కలహించిరి. సమాధి చుట్టును మాత్రము పిచ్చిమొక్కలు మొలచుచునే యుండెను.

ఒకసారి బిడారం కృష్ణప్పగారు తిరువయ్యారు వెళ్లి, ఆ సమాధి దుస్థితిని కన్నులార చూచి, మనసు కలగి, ఆ సంగతిని శిష్యురాలికి తెలియజేసెను. నాగరత్నమ్మ కప్పటికి నలుబది దాటినవి. తన కంఠమునకు, తన యింటికి, తన మెడలోని నగలకు మూలమైన కీర్తనలను ప్రసాదించిన మహనీయుడు ముళ్లపొదలలో నున్నాడను వార్త ఆమెను కుదిపివేసెను. తాను అనుభవించుచున్న సిరి యంతయు స్వామిదని, తాను దానికి కాపరి మాత్రమేనని ఆమెకు తోచెను. వినయమనగా ఇదియే గదా! తాను తక్కువదాననని నోటితో పదిమార్లు చెప్పుకొనుట కాదు. తన చేతిలో నున్నది తనది కాదని గుర్తించుట.

1921లో ఆమె తిరువయ్యారు చేరెను. సమాధి చుట్టుపట్ల నున్న స్థలమును సంపాదించి, పొదలు కొట్టించి, సమాధిపై చిన్న ఆలయమును, దానిముందు మండపమును నిర్మింప నారంభించెను. బృందావనము నెదుట స్వామి శిలావిగ్రహమును ప్రతిష్ఠింపజేసెను. నిత్యపూజ, నైవేద్యములకు ఏర్పాటు చేసెను. ఈ పనికి ఆమె తన యార్జితమును వెచ్చించెను, ఆభరణములను అమ్మెను. చందాలు పోగుచేసి పేరు చెక్కించుకొనువారు లోకమున పెక్కుమంది కలరు; స్వార్జితమును ఇటుకలుగను సున్నముగను మార్చినవారు కొలదిమంది. స్వామి పేర నూటయెనిమిది నామములతో అష్టోత్తర శతనామావళినికూడ ఆమె కూర్చెను. ఆలయము కట్టుట ధనమున్నవారి పని. ఆ ఆలయములో రోజూ పూవువలె సమర్పించుటకు నామములను కూర్చుట మనసున్నవారి పని. ఆమె రెండును చేసెను.

1925 ప్రాంతమునకు ఆలయము సిద్ధమయ్యెను. పెద్ద పక్షమువారును, చిన్న పక్షమువారును ఆ సన్నిధిలోనే తమ తమ ఉత్సవములు జరుపుకొనజొచ్చిరి. ఇక్కడ నొక విపరీతము సంభవించెను. ఆ రెండు పక్షములలో ఒకదానియందును స్త్రీలకు పాడు అవకాశము లేదు. దేవదాసి కులపు స్త్రీలకు అసలే లేదు. గుడి కట్టించిన స్త్రీ గుడిముందు పాడరాదు! ఆమె ధనముతో వేసిన రాతిపలకలపై పురుషులు కూర్చుండి పాడవచ్చును; ఆమె మాత్రము దూరమున నిలిచి వినవలెను.

చదువరులు ఇక్కడ ఒక్క నిమిషము ఆగి, నాగరత్నమ్మ స్థానములో తమ్ము నిలుపుకొని చూడవలెను. ఆమె యెదుట రెండు దారులుండెను. మొదటిది, తన ధనమును తన కీర్తిని ముందుకు తెచ్చి, గుడి నాది, తాళములు నావి యని అందరిని వెళ్లగొట్టుట. రెండవది, స్వామి సేవ చేయుటయే చాలు, పాడకున్న నేమి యని మిన్నకుండుట. మొదటిది అహంకారము. రెండవది చూచుటకు వినయమువలె కనబడును. చాలమంది దానినే మెచ్చుకొని యుందురు. కాని ఆమె ఆ రెండు దారులను విడిచెను.

1927లో ఆమె స్త్రీలను కూడగట్టి మూడవ పక్షమును నెలకొల్పెను. సన్నిధి ముందుభాగమున పురుషుల ఉత్సవము జరుగుచుండగా, వెనుకభాగమున స్త్రీల గోష్ఠి సాగెను. కలహము పెంచుటకు కాదు, మానుటకు కాదు, పాడుటకు ఆమె ఆ పని చేసెను. ఆమె సంగీతమునకు తగిన సమాధానము సంగీతముతోనే యిచ్చెను. స్వామి పాటను పాడుటకు ఎవరి యనుమతియు అక్కరలేదని ఆ వెనుకభాగపు గోష్ఠి ఏటేట చాటుచునే యుండెను. న్యాయము కావలసినచోట అధికారులకు విన్నపములు చేయుటకును ఆమె వెనుదీయలేదు. అయినను పురుషపక్షములవారు పూజకు వచ్చినప్పుడు తలుపులు మూయలేదు. ఆలయపు నిత్యపూజ మానలేదు. స్వామి సన్నిధికి ఎవరు వచ్చినను అతిథులే యను భావము ఆమెది.

స్వామి జీవితము నెరిగినవారికి ఈ ప్రవర్తన వింతగా తోపదు. త్యాగరాజస్వామి ప్రతిదినము భుజమున తంబుర ధరించి, తిరువయ్యారు వీథులలో రామనామము పాడుచు ఉంఛవృత్తి చేసెను. గృహస్థు లెవరు గుప్పెడు బియ్యము వేసినను తల వంచి స్వీకరించెను. కాని తంజావూరు రాజాస్థానమునుండి సంపద వెదకుకొని వచ్చినప్పుడు దానిని నిరాకరించెను. పిడికెడు బియ్యమునకు వంగిన శిరస్సు బంగారమునకు వంగలేదు. భగవంతుని యెదుట నిజముగా వంగినవానికి మరి దేని యెదుటను వంగవలసిన యవసర ముండదు. ఆ రహస్యమును స్వామి కీర్తనలు పాడి పాడి నాగరత్నమ్మ జీర్ణించుకొనెను. గురువునుండి శిష్యులు నేర్వవలసినది రాగములు మాత్రమే కాదు గదా.

ఆనాటి సాంఘిక సంస్కర్తలందరితోను ఆమెకు ఏకాభిప్రాయము లేదు. దేవదాసీ వ్యవస్థను చట్టముతో రూపుమాపవలెనని మదరాసు శాసనమండలిలో ప్రయత్నములు జరిగినప్పుడు, ఆమె తన కులపు స్త్రీల పక్షమున నిలిచి, వారి విద్యకు, మర్యాదకు భంగము కలుగరాదని వాదించెను. ఆ వ్యవస్థలోని దుఃఖమును చరిత్ర మరువరాదు; సంస్కర్తల సంకల్పమును శంకింపరాదు. కాని ఆ స్త్రీలు వేల సంవత్సరముల కళను తమ గొంతులలో దాచి తెచ్చినవారని, వారిని దోషులుగా మాత్రమే చూడరాదని ఆమె పలికిన పలుకులో న్యాయము లేకపోలేదు. తన తల్లి పడిన బాధను చూచిన కూతురు ఆ పలుకు పలుకుచున్నదని మనము గుర్తుంచుకొనవలెను.

కాలక్రమమున ఆమె మదరాసు జీవితమును విడిచి తిరువయ్యారులోనే స్థిరపడెను. ఒకప్పుడు పట్టుచీరలతో, వజ్రపుటాభరణములతో సభలను అలంకరించిన విదుషి, కావేరి గట్టున భక్తురాలై నిరాడంబరముగా జీవించెను. సమాధి పూజ, స్వామి కీర్తనల గానము, ఉత్సవపు ఏర్పాట్లు: వీనితోనే ఆమె దినములు గడచెను. భగవత్సేవ యనగా పండుగనాడు చేయు పని యని మన మనుకొందుము. ఆమెకు అది దినచర్య. ఆరాధనకు సంవత్సరమున ఒక తిథి చాలదు, మూడువందల యరువదియైదు దినములును కావలెనని ఆమె నడవడి చెప్పుచుండెను.

ఓర్పునకు ఫలితము లభించెను. 1940లో ఎస్.వై. కృష్ణస్వామి యను ప్రభుత్వాధికారి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు మొదలగు విద్వాంసులు పూనుకొని మూడు పక్షములను ఒకటి చేయుటకు యత్నించిరి. నాగరత్నమ్మ సమ్మతించెను. 1941 నుండి ఆరాధన ఒక్కటిగా జరుగజొచ్చెను. స్త్రీలు, పురుషులు ఒకే సన్నిధిలో, ఒకే వేళ పంచరత్నములను పాడజొచ్చిరి. పదునాలుగేండ్లు వెనుకభాగమున పాడిన గొంతులు ముందునకు వచ్చెను. ఇంత పోరాడిన స్త్రీ, గెలిచిననాడు తన పక్షమును నిలుపుకొనవలెనని పట్టుపట్టలేదు. తన పేరుగల గోష్ఠి అందరి గోష్ఠిలో కలిసిపోవుచుండగా సంతోషించెను. ఏరు సముద్రములో కలిసినప్పుడు పేరు పోయెనని ఏడ్చునా? పోరాటమున పట్టుదల చూపువారు అనేకులు. గెలిచిన పిదప తన్ను తాను మరచువారు అరుదు. నా దృష్టిలో ఆమె జీవితమున అన్నిటికంటె గొప్ప ఘట్టమిదియే.

తరువాతి సంవత్సరములలో ఆమెకు త్యాగసేవాసక్త యను బిరుదము లభించెను. విద్యాసుందరి యనునది ఆమె విద్యకు వచ్చిన బిరుదము. ఇది ఆమె సేవకు వచ్చినది. రెండింటి నడుమ ఆమె జీవితమంతయు కలదు. చివరి దినములలో తన యాస్తిని స్వామి సేవకే ధర్మముగా వ్రాసియిచ్చి, ఆరాధనోత్సవమున స్త్రీలకు పురుషులతో సమానమైన హక్కు ఉండవలెనను నిబంధనను అందు చేర్చెను. తనకు సంతానము లేకున్నను, ఇంకను పుట్టని గాయనులకొరకు ఆమె ఆ వాక్యమును వ్రాయించెను. అప్పటికే ఉత్సవము ఒకటియై, స్త్రీలు పాడుచుండిరి. అయినను లోకపు మతిమరుపును ఆమె ఎరుగును. ముద్దుపళని పద్యములు ఎట్లు మాయమయ్యెనో చూచిన మనిషి గదా!

1952 మే 19వ తేదీన నాగరత్నమ్మ తిరువయ్యారులోనే పరమపదించెను. రాధికా సాంత్వనమును వావిళ్లవారు మరల ప్రకటించినదియు ఆ సంవత్సరముననే. ఆమె తన జీవితములో తలకెత్తుకొనిన రెండు పనులును అప్పటికి గట్టెక్కియుండెను: ఒక కవయిత్రికి గ్రంథము దక్కెను, ఒక వాగ్గేయకారునకు గుడి దక్కెను. ఆమె భౌతికకాయమును స్వామి సన్నిధికి చేరువలోనే సమాధి చేసిరి. అక్కడనే ఆమె విగ్రహము స్వామివైపు తిరిగి చేతులు జోడించి యున్నది.

ఆ విగ్రహమును గూర్చి యొక మాట చెప్పి విరమించెదను. శిల్పులు మహనీయుల విగ్రహములను చెక్కునప్పుడు చేయెత్తి ఉపదేశించుచున్నట్లో, దూరమును చూచుచున్నట్లో చెక్కుదురు. ఆమె విగ్రహము అట్టిది కాదు. ఆమె దర్శనము ఇచ్చుచున్నదికాదు, దర్శనము చేసికొనుచున్నది. గుడి కట్టించినది తానైనను, ఆ గుడిలో తన స్థానము భక్తుల వరుసలోనే యని ఆ చేతులు చెప్పుచున్నవి. అయినను ఆ చేతులు భయముతో జోడింపబడినవి కావు. ముళ్లపొదలు కొట్టించినవి ఆ చేతులే. మూయబడిన తలుపులను తట్టినవి ఆ చేతులే.

ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో వినయమును గూర్చి చెప్పునప్పుడు ఈ కథను పిల్లలకు చెప్పుదురుగాక. మాట్లాడకుండ కూర్చున్న విద్యార్థియే వినయవంతుడని మనము పొరబడుచుందుము. ఇతరుల విద్యను, ఇతరుల శ్రమను గుర్తించి తల వంచువాడు వినయవంతుడు. అన్యాయము ఎదురైనప్పుడు ఆ తలనే ఎత్తగలిగినవాడును వినయవంతుడే. పుట్టుకచేత తక్కువయని లోకము తనపై మోపిన భారమును నాగరత్నమ్మ మోయ నిరాకరించెను. భక్తిచేత తాను కోరి యెత్తుకొనిన భారమును కడదాక మోసెను. మొదటిది అణచివేత, రెండవది అణకువ. ఈ రెండింటి భేదము తెలిసిననాడు భగవదారాధన పూజాగృహమునకు పరిమితము కాదు. అది నడకలో, మాటలో, చేతిపనిలో ప్రవేశించి జీవనవిధానమగును. పుష్య బహుళ పంచమినాడు ఎప్పుడైన తిరువయ్యారు వెళ్లుట తటస్థించినచో, పంచరత్నములు విన్న పిదప, వెనుదిరిగి ఆ చిన్న సమాధివద్ద ఒక్క నిమిషము నిలువుడు.